నేరమా, తగాదానా?

(శిక్షణ పూర్తి చేసుకున్న సబ్ ఇన్‌స్పెక్టర్ల స్నాతకోత్సవంలో ఒక విశ్రాంత జిల్లా జడ్జి ప్రసంగం)

 

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం చిన్న పట్టణాల కోర్టుల్లోనే గడిచింది. అక్కడ జూనియర్ సివిల్ జడ్జి, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఒక్కరే. పొద్దున రిమాండ్లు, ఛార్జిషీట్లు, సాక్షుల విచారణ. మధ్యాహ్నం ఇంజంక్షన్లు, ప్రోనోటు దావాలు, అన్నదమ్ముల పంపకాల దావాలు. పొద్దున ముద్దాయిగా నిలబడ్డ మనిషే మధ్యాహ్నం వాదిగా వచ్చేవాడు. అదే సర్వే నంబరు, అదే పక్క పొలం రైతు, అదే గొడవ. పొద్దున ప్రభుత్వం తరఫున ప్రాసిక్యూటర్ లేచి, ఈ మనిషికి శిక్ష వేయమని అడిగేవారు. మధ్యాహ్నం ప్రైవేటు వకీలు లేచి, ఈ మనిషికి హక్కు ఇప్పించమని అడిగేవారు. ఒకే మట్టి మీద రెండు చట్టాలు ఎలా నడుస్తాయో ఆ కుర్చీలో కూర్చుంటే కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నదల్లా ఆ రెండింటి గురించే. ఎందుకంటే కోర్టులో మాకు పొద్దున, మధ్యాహ్నం అని వేర్వేరు సమయాలు ఉంటాయి. మీ దగ్గరికి మాత్రం రెండూ ఒకే కాగితం మీద, ఒకే నిమిషంలో వస్తాయి.

మీరు కొత్త నంబర్లతో చదువుకున్నారు. 2024 జులై 1 నుంచి 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. రేపు మీ స్టేషన్‌లో పాత రైటర్ గారికి 420 నోటికొచ్చి ఉంటుంది, మీకు 318(4) నోటికొస్తుంది. ఆ సర్దుబాటు కొన్నాళ్ళు నడుస్తుంది, దాని గురించి కంగారు పడకండి. నంబర్లు మారినా నేరం అంటే ఏమిటనేది పెద్దగా మారలేదు.

ఒక పిటిషన్ తీసుకుందాం. మీలో సగం మంది రైతు కుటుంబాల పిల్లలే కాబట్టి ఇది మీకు కొత్త కాదు. ఒక పెద్దావిడ కొడుకుతో రాయించుకుని వస్తుంది: "అయ్యా, మా పక్క పొలం ఆసామి గట్టు దున్ని నా భూమి కలుపుకున్నాడు. అడగబోతే నా కొడుకుని కర్రతో కొట్టాడు, చెయ్యి విరిగింది. మళ్ళీ చేలో అడుగు పెడితే చంపుతానన్నాడు. తమరు దయచేసి నా భూమి నాకు ఇప్పించగలరు."

నాలుగు వాక్యాలు. మొదటి దాంట్లో హద్దు ఎక్కడుందన్న ప్రశ్న ఉంది. అది సర్వేయర్ గొలుసు పట్టి తేల్చాల్సింది, కాదంటే సివిల్ కోర్టు తేల్చాల్సింది. మీ పని కాదు. కానీ అదే వాక్యంలో ప్రభుత్వం పాతిన సర్వే రాయిని పీకేశాడన్న మాట ఉంటే అది నేరం. రెండో వాక్యం పూర్తిగా మీది. చెయ్యి విరిగింది అంటే ఎముక విరిగింది, అంటే తీవ్ర గాయం, న్యాయ సంహిత సెక్షన్ 117. ఆ కొడుకుని వెంటనే ఆసుపత్రికి పంపి గాయాల సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. ఉత్త చెంపదెబ్బ అయితే 115(2), అది నాన్-కాగ్నిజబుల్, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. ఒకే ఘటనలో కాగ్నిజబుల్ నేరం ఒక్కటి ఉన్నా మొత్తం కేసును కాగ్నిజబుల్‌గానే చూడమని సురక్షా సంహిత సెక్షన్ 174 చెప్తుంది. మూడోది నేరపూరిత బెదిరింపు. ఇక నాలుగోది, ఆవిడ అసలు అడిగేది, "నా భూమి నాకు ఇప్పించండి" అనేది, మీరు ఇవ్వలేనిది. ఆవిడకి ఆ మాట అర్థమయ్యేలా చెప్పడం కూడా మీ ఉద్యోగంలో భాగమే.

ఇక్కడ ఇద్దరు అధికారులు రెండు రకాలుగా దారి తప్పుతారు. ఒకాయన చివరి వాక్యం పట్టుకుని, "ఇది భూమి తగాదా, సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్ళండి" అని పంపేస్తాడు. విరిగిన చెయ్యి అలాగే వేలాడుతూ వెనక్కి వెళ్ళిపోతుంది. ఇంకొకాయన మొదటి వాక్యం పట్టుకుని అవతలి ఆసామిని పిలిపిస్తాడు, బయట బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చోబెడతాడు, ఊళ్ళో పెద్దమనుషుల్ని రప్పిస్తాడు, అర ఎకరం వదిలేస్తున్నట్టు తెల్లకాగితం మీద సంతకం తీసుకుంటాడు. మొదటాయన చట్టం ఇచ్చిన పని చేయలేదు, రెండో ఆయన చట్టం ఇవ్వని పని చేశాడు. ఇద్దరూ అడగాల్సింది ఒకే ప్రశ్న: ఇందులో నేరం ఉందా? ఉంటే ఏ మాటలో ఉంది?

మొదటి తప్పుకు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబర్‌లో లలితా కుమారి కేసులో జవాబు చెప్పింది. ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలి, అధికారి విచక్షణకు వదల్లేదు. కుటుంబ వివాదాలు, వ్యాపార లావాదేవీలు, వైద్య నిర్లక్ష్యం లాంటి కొన్నింట్లో మాత్రం ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చంది. సురక్షా సంహిత 173వ సెక్షన్ దీనికి ఒక చట్రం బిగించింది. మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించాలి. ఆ 14 రోజులు రాజీ కుదర్చడానికి ఇచ్చిన గడువు కాదు. కేసు ఉందో లేదో చూసుకోవడానికి ఇచ్చింది. జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీ దగ్గరికొచ్చి చెప్తే మీరు రాసుకోవాల్సిందే. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ఆ పెద్దావిడ చేతిలో ఆ కాగితం పెట్టడానికి ఎవరినీ ఏమీ అడగనివ్వకండి.

ఇక సొంతం, స్వాధీనం అనే రెండు విషయాలు. నేను ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే గ్రామాల్లో సగం కేసులు ఇక్కడే చిక్కుపడతాయి.

భూమి ఎవరిదన్నది సివిల్ కోర్టు తేలుస్తుంది. భూమి ఎవరి చేతిలో ఉందన్నది క్రిమినల్ చట్టం చూస్తుంది. అక్రమ ప్రవేశం గురించి చెప్పే న్యాయ సంహిత 329వ సెక్షన్‌ని మళ్ళీ తీసి చదవండి. ఇతరుల స్వాధీనంలో ఉన్న ఆస్తిలోకి నేరం చేయడానికో, బెదిరించడానికో, అవమానించడానికో, చికాకు పెట్టడానికో వెళ్ళడం నేరం. ఇతరుల సొంతమైన ఆస్తి అని అక్కడ లేదు. దొంగతనానికీ అంతే, ఇంకొకరి స్వాధీనంలోంచి తీయడమే నేరానికి మూలం. 1860 కోడ్‌లో దీనికి చక్కని ఉదాహరణలు ఇచ్చారు. ఒకాయన తన గడియారం బాగుచేయమని దుకాణదారుకి ఇచ్చాడు. అతనికి ఏమీ బాకీ లేనప్పుడు బలవంతంగా దుకాణంలోకి వచ్చి తన గడియారం తాను పట్టుకుపోతే అది దొంగతనం కాదు, దౌర్జన్యం కావచ్చు. కానీ మరమ్మతు డబ్బు బాకీ ఉండి, దానికి హామీగా దుకాణదారు గడియారం అట్టే పెట్టుకుంటే, దాన్ని ఆ యజమాని లాక్కుపోవడం దొంగతనమే. తన వస్తువునే తాను దొంగిలించడం! ఈ ఒక్క ఉదాహరణ అర్థమైతే చట్టం దేన్ని కాపాడుతోందో మీకు బోధపడుతుంది. బలవంతంగా చేతులు మారడాన్ని అది ఆపుతోంది. ఎవరి హక్కు గొప్పదన్న చర్చ తర్వాత, కోర్టులో.

అందుకని గట్టు తగాదాలో మీరు అడగాల్సింది "పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది?" అని కాదు. పోయినేడు ఈ చేలో విత్తనం ఎవరు వేశారు, కోత ఎవరు కోశారు, బోరు కరెంటు బిల్లు ఎవరు కట్టారు, చుట్టుపక్కల రైతులు ఏమంటున్నారు అని అడగండి. పాసు పుస్తకం, పహాణీ, అడంగల్ మంచి ఆధారాలే. అయితే రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. హక్కు తేల్చే కాగితాలు వేరు, వాటిని తూచే కుర్చీ వేరు.

బలవంతంగా వెళ్ళగొట్టబడ్డవాడికి సివిల్ చట్టంలోనూ దారి ఉంది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేస్తే, సొంతదారెవరన్న ప్రశ్న జోలికి పోకుండానే కోర్టు స్వాధీనం తిరిగి ఇప్పిస్తుంది. అవతలివాడు నిజమైన యజమాని అయినా సరే, నువ్వు కోర్టుకు రావాల్సింది, చేత్తో తీసుకోకూడదు అంటుంది చట్టం. ఇది చాలామంది రైతులకు తెలియదు. ఆరు నెలలు దాటాక తెలిసినా ఈ దారి మూసుకుపోయి ఉంటుంది. మీరు ఆ మాట ఒక్కటి చెప్పి పంపినా ఆ కుటుంబానికి పెద్ద మేలు చేసినట్టే.

భూమి మీద రెండు వర్గాలు కర్రలతో దిగేలా ఉన్నాయి, ఎవరిది స్వాధీనమో తేలడం లేదు అనుకోండి. అప్పుడూ పంచాయితీ మీరు చేయకూడదు. సురక్షా సంహిత 164వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి నివేదిక పంపండి, అది పాత 145. ఆయన కూడా హక్కు తేల్చడు, ఫలానా తేదీన ఎవరి స్వాధీనంలో ఉందో చూస్తాడు. మీ నివేదికకు ముందు రెండు నెలల్లో ఎవరినైనా దౌర్జన్యంగా వెళ్ళగొట్టి ఉంటే, వాళ్ళే స్వాధీనంలో ఉన్నట్టు భావించే అధికారం ఆయనకుంది. కాబట్టి మీ నివేదికలో తేదీలు ఉండాలి. "కొంతకాలంగా వివాదం నడుస్తున్నది" అని రాస్తే ఆయనకు ఏమీ అందదు.

ఒక కక్షిదారు ఇంజంక్షన్ ఆర్డరు చేత పట్టుకుని స్టేషన్‌కి పరుగెత్తుకొస్తాడు. ఆ కాగితాన్ని నాలుగు చోట్ల చదవండి. ఏ తేదీ వరకు అమల్లో ఉంది? ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులేమిటి? ఎవరిని ఏం చేయొద్దంది? పోలీసు సహాయం ఇవ్వమని కోర్టు విడిగా ఆదేశించిందా? చివరిది లేకపోతే ఆ ఆర్డరు పట్టుకుని మీరు ఎవరినీ పొలంలోంచి దించలేరు, ఎవరినీ పొలంలోకి ఎక్కించలేరు. ఉల్లంఘన జరిగితే ఆ కక్షిదారు అదే కోర్టుకు చెప్పుకోవాలి. ఆర్డరులో రాసింది ఒక సర్వే నంబరు, పోలీసులు వెళ్ళింది పక్క సర్వే నంబరు అయిన సంగతి సివిల్ కోర్టులో బయటపడితే, ఆ అధికారి బోనులో నిలబడి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఇక డబ్బు విషయం. భూమి తర్వాత మీ టేబుల్ మీదికి ఎక్కువగా వచ్చేది ఇదే.

అప్పు తీర్చకపోవడం నేరం కాదు. వ్యాపారం దివాళా తీసి, పంట పోయి, జబ్బు చేసి డబ్బు కట్టలేకపోయినవాడు మోసగాడు కాదు. ప్రోనోటు ఉంటే మూడేళ్ళలోగా దావా వేసుకోవాలి. చెక్కు బౌన్స్ అయితే సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజుల గడువు, ఆ తర్వాత నెల రోజుల్లో నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు. ఇందులో స్టేషన్ ఎక్కడా లేదు. కోర్టు పంపిన సమన్లు, వారంటు అందించేటప్పుడే మీ పాత్ర వస్తుంది.

మరి మోసం ఎప్పుడవుతుంది? డబ్బు చేతులు మారిన రోజున తీసుకున్నవాడి ఉద్దేశం ఏమిటన్నది చూడాలి. హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో 2000లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉంటేనే అది మోసం, తర్వాత మాట తప్పితే ఒప్పంద ఉల్లంఘన. ఒకాయన ప్లాటు అమ్ముతానని అగ్రిమెంటు రాసి అడ్వాన్సు తీసుకున్నాడు, ధర పెరిగింది, రిజిస్ట్రేషన్‌కి రావడం లేదు. దుర్మార్గమే, కానీ దావా వేయాల్సిన విషయం. అదే మనిషి ఆ ప్లాటును ఆరు నెలల ముందే ఇంకొకరికి రిజిస్టర్ చేసి, ఆ సంగతి దాచి అడ్వాన్సు తీసుకున్నాడనుకోండి, అది మోసం. రెండింట్లోనూ బాధితుడు ఒకే రకంగా ఏడుస్తాడు. మీకు తేడా చెప్పేది ఆయన కన్నీళ్ళు కాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించే తేదీ. ముందు ఈసీ తెప్పించండి, తర్వాత సెక్షన్ గురించి ఆలోచించండి.

2006లో ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఒక ధోరణిని గుర్తించింది. సివిల్ కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయి కాబట్టి, ఒత్తిడి పెట్టి డబ్బు రాబట్టుకోవడానికి జనం వాటిని క్రిమినల్ కేసులుగా మారుస్తున్నారని. నిజం. దీనికి కోర్టుల ఆలస్యమే పెద్ద కారణమని, ఆ వ్యవస్థలో పనిచేసినవాడిగా నేను బాహాటంగా చెప్తాను. జనం మీ దగ్గరికి చట్టం తెలియక మాత్రమే రావడం లేదు. దావా వేస్తే మనవడి కాలానికి తేలుతుందని, ఎస్సై గారు పిలిపిస్తే సాయంత్రానికి తేలుతుందని వాళ్ళకు తెలుసు. ఆ ఆకర్షణ మీ కుర్చీకి రోజూ తగులుతుంది. మంచివాళ్ళకూ తగులుతుంది. పేదవాడికి న్యాయం త్వరగా చేద్దామన్న సదుద్దేశంతోనే చాలామంది స్టేషన్ పంచాయితీ మొదలుపెడతారు. కానీ స్టేషన్‌లో సంతకం పెట్టినవాడు ఇష్టపడి పెట్టాడని ఏ కోర్టూ నమ్మదు. బయటికి పోనివ్వకుండా కూర్చోబెడితే అది అక్రమ నిర్బంధం, భయపెట్టి నోటు రాయిస్తే అది బలవంతపు వసూలు. తగాదాలో నేరం వెతకబోయిన అధికారి తానే నేరంలో నిలబడతాడు. పైగా మరుసటి వారం అదే సేవ డబ్బున్నవాడు అడుగుతాడు. అప్పుడు కాదనడానికి మీ దగ్గర కారణం ఉండదు.

ఒకే కాగితం రెండు కోర్టుల్లోనూ నడిచే సందర్భం ఒకటుంది. రోడ్డు ప్రమాదం. లారీ గుద్ది బైకు మీద వెళ్తున్న మనిషి చనిపోయాడు. మీరు న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు కడతారు, దర్యాప్తు చేస్తారు, ఛార్జిషీట్ వేస్తారు. ఆ మనిషి భార్య మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం వేస్తుంది. జిల్లా జడ్జిగా నేను అలాంటి ఫైళ్ళు చాలా చూశాను. ఆమె తెచ్చే ఆధారాలన్నీ మీరు రాసినవే: ఎఫ్ఐఆర్, ఘటనాస్థల పంచనామా, స్కెచ్, ఇన్‌క్వెస్ట్, వాహన తనిఖీ నివేదిక. టైర్ల జాడ ఎన్ని మీటర్లుంది, బైకు ఏ పక్కన పడి ఉంది, రోడ్డు వెడల్పెంత, ఆ చోట వీధి దీపం ఉందా అన్నవి స్కెచ్‌లో ఉంటే బీమా కంపెనీ వకీలు ఏం అడిగినా ఆమె కేసు నిలబడుతుంది. స్కెచ్‌లో ఒక గీత, ఒక ఇంటూ గుర్తు మాత్రమే ఉంటే మాత్రం, తప్పు చనిపోయినవాడిదేనని వాదించడం ఆ వకీలుకి చాలా తేలిక.

డ్రైవర్ క్రిమినల్ కోర్టులో విడుదలైనా ఆమెకు పరిహారం రావొచ్చు. క్రిమినల్ కోర్టు సహేతుకమైన అనుమానానికి తావు లేనంత రుజువు అడుగుతుంది, ఎందుకంటే అక్కడ మనిషి స్వేచ్ఛ పోతుంది. సివిల్ వైపు తక్కెడ ఎటు మొగ్గితే అటే. 2022 నాటి మోటారు వాహన నిబంధనల ప్రకారం మీరు 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సవివర నివేదికను ట్రిబ్యునల్‌కి పంపాలి. చాలా స్టేషన్లలో ఈ నివేదికను నింపాల్సిన ఫారంగానే చూస్తారు. ముప్ఫై ఏళ్ళ విధవరాలు ఇద్దరు పిల్లల్ని చదివించుకోగలదా లేదా అన్నది దాని మీద ఆధారపడి ఉంటుంది.

అరెస్టు గురించి. మీ చేతిలో ఉన్న అధికారాల్లో ఇదే అతి పెద్దది, ఇక్కడే అతి ఎక్కువ తప్పులు జరుగుతాయి.

అరెస్టు చేసే అధికారం ఉండటం ఒకటి, అరెస్టు చేయాల్సిన అవసరం ఉండటం ఇంకొకటి అని 1994లోనే జోగిందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దంది, కారణాలు రాసుకోమంది, పాటించని అధికారిపై శాఖాపరమైన చర్యతో పాటు కోర్టు ధిక్కారం కూడా ఉంటుందంది. కారణాలు చూడకుండా రిమాండ్ చేసే మేజిస్ట్రేట్లనూ అది వదల్లేదు. అందుకే చాలా కేసుల్లో మీరు ముందు ఇవ్వాల్సింది సురక్షా సంహిత 35(3) నోటీసు. నోటీసుకు వచ్చి సహకరిస్తున్నవాడిని అరెస్టు చేయాలంటే కారణం కాగితం మీద ఉండాలి. మూడేళ్ళ లోపు శిక్ష పడే నేరమై, మనిషి అరవై దాటినవాడో, జబ్బుతో ఉన్నవాడో అయితే డీఎస్పీ అనుమతి తప్పనిసరి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకుని చేయాలి.

అర్ధరాత్రి మేజిస్ట్రేట్ ఇంటి వరండాలో రిమాండ్ ఎలా జరుగుతుందో మీకు చెప్పాలి. కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ కట్ట విప్పుతాడు. మేజిస్ట్రేట్ మొదట చూసేది నేరం ఎంత ఘోరమైనదన్నది కాదు. అరెస్టు మెమోలో సమయం చూస్తాడు, జనరల్ డైరీలో సమయంతో పోల్చి చూస్తాడు. 24 గంటలు దాటాయా? మెమో మీద కుటుంబసభ్యుడో, ఆ వీధిలో మర్యాదస్తుడో సాక్షి సంతకం పెట్టాడా? ఇంట్లోవాళ్ళకు చెప్పారా, ఎవరికి, ఏ నంబరుకి? అరెస్టు కారణాలు రాతలో, అతనికి అర్థమయ్యే భాషలో ఇచ్చారా? వైద్య పరీక్ష నివేదిక ఉందా? ఆ తర్వాత మిమ్మల్ని కాస్త దూరంగా నిలబడమని, ముద్దాయిని దగ్గరికి పిలిచి, "నిన్ను ఎప్పుడు పట్టుకొచ్చారు? ఎవరైనా కొట్టారా?" అని అడుగుతాడు. మెమోలో నిన్న సాయంత్రం ఆరు అని ఉండి, ముద్దాయి మొన్న పొద్దున అంటే, ఆ మేజిస్ట్రేట్ ఇక మీ కేసులో ఏ కాగితాన్నీ మునుపటిలా నమ్మడు. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదంది. ఆ మనిషిని ఆసుపత్రి మంచానికి బేడీలతో కట్టేసిన సంగతి కూడా ఆ కేసులో వచ్చింది. ఎంత గట్టి కేసైనా, ఒక్క కాగితం లేకపోతే ముద్దాయి బయటికి నడిచి వెళ్తాడు.

కస్టడీలో మనిషి మీ బాధ్యత. 1978లో మన హైదరాబాద్‌లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులదే దోషమని తేల్చింది. తర్వాత క్రిమినల్ కోర్టులో ఆ కేసు నిలవలేదు. మీరు పుట్టకముందు జరిగిన ఘటన ఇది. అయినా ఇప్పటికీ మన ఆడవాళ్ళు రాత్రి పూట స్టేషన్ మెట్లెక్కడానికి భయపడుతుంటే, ఆ భయానికి చరిత్ర ఉందని తెలుసుకోండి. 1996లో డీ.కే. బసు తీర్పు ఇచ్చిన పదకొండు సూచనలు, 2020లో ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టమన్న ఆదేశం ఇలాంటి ఘటనల నుంచే పుట్టాయి. మీ స్టేషన్‌లో కెమెరా పనిచేస్తోందో లేదో మొదటి రోజే చూడండి. అబద్ధపు ఆరోపణ వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది కూడా అదే.

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. సాక్ష్య అధినియం 23వ సెక్షన్ అదే చెప్తుంది, 1872 నుంచీ ఇదే నియమం. చెల్లేదల్లా ఆ మాట వల్ల కొత్తగా దొరికిన వస్తువు, ఆ వస్తువుకి సంబంధించినంత మేర మాట. కొట్టి చెప్పించిన పది పేజీల వాంగ్మూలం కన్నా, ఇద్దరు నిజమైన పంచుల ముందు, వీడియో తీస్తూ బావిలోంచి తీసిన కత్తి విలువైనది. సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని సురక్షా సంహిత 105వ సెక్షన్ ఇప్పుడు తప్పనిసరి చేసింది. ఏడేళ్ళు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ బృందం ఘటనాస్థలానికి రావాలి. అందాకా అక్కడ ఎవరూ తొక్కకుండా చూడటమే మీరు చేసే మొదటి దర్యాప్తు.

మళ్ళీ ఆ పెద్దావిడ దగ్గరికి వద్దాం. కొడుకు చెయ్యి విరగ్గొట్టినందుకు మీరు కేసు కట్టారు. అవతలి ఆసామి కూడా ఎదురు ఫిర్యాదు తెస్తే, అందులోనూ కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే అదీ కట్టారు, రెండింటినీ ఒకే అధికారి దర్యాప్తు చేస్తున్నారు. మరి ఆవిడ అడిగిన భూమి సంగతి? "మా పరిధి కాదు" అని చెప్పి ఊరుకోకండి. సర్వే కోసం తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో చెప్పండి. వకీలు ఫీజు పెట్టుకోలేనంటుంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆవిడ మహిళ, ఆవిడకు హక్కుంది. కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా సంస్థ ఆఫీసు ఉంటుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. రాజీ కావాలంటే దానికి చట్టం చూపిన చోటు అది.

మీరు చేరబోయే స్టేషన్‌లో మొదటి వారం ఒక పని చేయండి. మీ పరిధిలోని సివిల్ కోర్టు ఎక్కడుందో, న్యాయ సేవా సంస్థ కార్యదర్శి ఎవరో, మండల సర్వేయర్ ఏ రోజుల్లో ఆఫీసులో ఉంటారో కనుక్కోండి. ఆ చిరునామాలు, న్యాయ సహాయ నంబరు 15100 ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, రిసెప్షన్ టేబుల్ మీద ఒక కట్ట పెట్టండి. నేరం లేని పిటిషన్ తెచ్చిన ప్రతి మనిషి చేతిలో ఆ కాగితం పెట్టి, ఆఫీసు ఎక్కడుందో బస్సు పేరుతో సహా చెప్పి పంపమని మీ కానిస్టేబుళ్ళకు చెప్పండి.